చట్టము తెరచిన తలుపు: భారతదేశములో గర్భస్రావ చట్టము, స్త్రీల జీవితము (1860–2024)

1. ఉపోద్ఘాతము

గర్భస్రావమును గూర్చి మన సంఘములలో జరిగే చర్చ చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలై అదే ప్రశ్నతో ముగుస్తుంది: అది పాపమా, కాదా? ఈ ప్రశ్న అవసరమైనదే. గర్భములోని జీవమును గూర్చి 139వ కీర్తన, యిర్మీయా గ్రంథము మొదటి అధ్యాయము మనకు నేర్పినది తేలికగా తీసివేయదగినది కాదు. అయితే ఈ ప్రశ్న ఒక్కటే అడుగుతున్నంతకాలము ఆ గర్భమును మోసిన స్త్రీ మన కంటికి కనబడదు. ఆమె ఎవరు, ఏ ఇంటి బిడ్డ, ఎందుకు ఆ నిర్ణయానికి వచ్చింది, పది సంవత్సరాల తరువాత ఎక్కడ ఉన్నది అనే సంగతులు చర్చకే రావు.

అందుచేత ఈ వ్యాసములో మేము చరిత్రకు సంబంధించిన ప్రశ్న అడుగుతున్నాము. మన దేశములో చట్టము గర్భస్రావమును నిషేధించినప్పుడు స్త్రీల జీవితము ఎట్లుండెను? కొన్ని షరతులతో అనుమతించిన తరువాత ఎట్లు మారింది? ఆ మార్పు అందరికీ సమానముగా అందిందా? నైతిక తీర్పును పక్కన పెట్టమని మేము కోరడము లేదు. తీర్పు చెప్పేవానికి సాక్ష్యము వినే బాధ్యత కూడా ఉన్నదని మాత్రమే మా మనవి.

మాటలను గూర్చి ఒక మాట. తెలుగులో గర్భస్రావము అనే పదము రెండింటికీ వాడుతాము: దానంతట అది జరిగినదానికి, కావాలని చేయించుకొన్నదానికి. పల్లెలలో ఈ తేడా స్పష్టము. మొదటిది "కడుపు పోవడము", రెండవది "కడుపు తీయించుకోవడము". మొదటిదానికి ఇరుగుపొరుగువారు పరామర్శకు వస్తారు. రెండవదానికి ఎవరూ రారు. ఈ వ్యాసము రెండవదానిని గూర్చినది.

2. శిక్షాస్మృతి కాలము

1860లో ఆమోదించబడి 1862 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చిన భారత శిక్షాస్మృతి, 312వ సెక్షను క్రింద గర్భస్రావమును నేరముగా ప్రకటించింది. స్త్రీ ప్రాణము కాపాడుటకు సద్బుద్ధితో చేసినదానికి తప్ప మరి దేనికీ మినహాయింపు లేదు. చేసినవారికి మూడు సంవత్సరాల వరకు, గర్భములో శిశువు కదలిక తెలిసిన తరువాత చేసినట్లయితే ఏడు సంవత్సరాల వరకు జైలు. తనంతట తాను గర్భము పోగొట్టుకొన్న స్త్రీ కూడా ఈ సెక్షను క్రిందికే వస్తుందని వివరణలో వ్రాయబడినది. ఇంగ్లండులో ఇదే కాలములో, 1861లో, ఇటువంటి చట్టమే వచ్చింది.

ఈ చట్టము భారము ఎక్కువగా ఎవరిమీద పడింది? పందొమ్మిదవ శతాబ్దపు సమాజములో దానికి జవాబు బాల్యవితంతువు. ఎనిమిది, పదేండ్లకే పెళ్ళి, పన్నెండేండ్లకే వైధవ్యము, పునర్వివాహము నిషిద్ధము, ఇంటిలోని మగవారినుండి రక్షణ లేదు. గర్భము వస్తే ఆమెకు మూడు దారులుండేవి: నాటుమందు, బావి, లేదా పుట్టిన శిశువును చంపడము. 1863లో పూనాలో కాశీబాయి అనే వితంతువు మూడవ దారిని పట్టి, యావజ్జీవ శిక్ష పొంది అండమానుకు పంపబడింది. ఆమె గర్భానికి కారకుడైన పురుషుడు ఆ శిక్షలో పాలు పంచుకోలేదు. ఆ సంవత్సరమే జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి దంపతులు గర్భవతులైన వితంతువులు రహస్యముగా వచ్చి ప్రసవించుటకు తమ ఇంటిలోనే ఒక ఆశ్రయము తెరిచారు. అక్కడ ఒక వితంతువుకు పుట్టిన యశ్వంతును తరువాత తమ కుమారునిగా దత్తత తీసుకొన్నారు. 1881లో సూరత్ న్యాయస్థానము విజయలక్ష్మి అనే మరొక వితంతువుకు శిశుహత్య నేరముపై ఉరిశిక్ష విధించినప్పుడు, పత్రికలు స్త్రీల నీతిని దుమ్మెత్తి పోశాయి. ఆ వ్రాతలకు జవాబుగానే తారాబాయి షిండే 1882లో 'స్త్రీ పురుష తులన' అనే గ్రంథము వ్రాసింది. ఉరిశిక్ష అప్పీలులో ద్వీపాంతరవాసముగా మారింది.

మన తెలుగు ప్రాంతములో కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహము జరిపించారు. ఆ ఉద్యమాన్ని కేవలము పెళ్ళిళ్ళ ఉద్యమముగా చూస్తే దాని వెనుకనున్న భయము అర్థము కాదు. పెళ్ళి లేని వితంతువుకు గర్భము అంటే ప్రాణాపాయమో, జైలో, రెండూనో.

క్రైస్తవ పరిచర్య ఈ కథలో ఎక్కడ ఉన్నది? 1887లో 'ఉన్నతకుల హిందూ స్త్రీ' అనే ఆంగ్ల గ్రంథము ద్వారా వితంతువుల స్థితిని లోకానికి తెలిపిన పండిత రమాబాయి, 1889లో బొంబాయిలో శారదా సదన్ తెరిచింది. తరువాత కేడ్గాఁవ్‌లో ఏర్పడిన ముక్తి మిషనులో, సమాజము "చెడిపోయినవారు" అని త్రోసివేసిన స్త్రీలకోసము కృపా సదన్ అనే ప్రత్యేక గృహము కూడా ఉండెను. పేరును గమనించవలెను. 1883లో గుంటూరుకు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీల ఆసుపత్రిని తెరిచింది. మగ డాక్టరు ముఖము చూడని స్త్రీలకు ఆ ఆసుపత్రి తలుపు తెరవడము ఎంత పెద్ద సంగతో నేటివారికి ఊహించడము కష్టము.

3. షా కమిటీ, 1971 చట్టము

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కూడ 312వ సెక్షను మారలేదు. నిషేధము ఉన్నది, గర్భస్రావములూ ఉన్నవి. ఆసుపత్రుల స్త్రీల వార్డులకు రక్తస్రావముతో, విషజ్వరముతో వచ్చే వారిని చూచిన వైద్యులకు ఈ సంగతి బాగా తెలుసు. మంత్రసాని పెట్టిన పుల్లలు, వేళ్ళు, మోతాదు తెలియని మందులు వారిని అక్కడికి చేర్చినవి.

1964లో కేంద్ర ప్రభుత్వము మహారాష్ట్ర ఆరోగ్యశాఖ మంత్రి శాంతిలాల్ షా అధ్యక్షతన ఒక కమిటీని వేసింది. ఆ కమిటీ 1966 డిసెంబరులో నివేదిక సమర్పించింది. 50 కోట్ల జనాభాలో ఏటా 65 లక్షల గర్భస్రావములు జరుగుతున్నవని, వాటిలో 26 లక్షలు సహజమైనవి, 39 లక్షలు కావాలని చేయించుకొన్నవి అని అంచనా వేసింది. ఇది లెక్కించిన సంఖ్య కాదు, అంచనా మాత్రమే. కాని చట్టము కన్ను కప్పి ఎంత జరుగుతున్నదో అధికారికముగా ఒప్పుకొన్న మొదటి పత్రము ఇదే. చట్టముతో పాటు వచ్చిన ఉద్దేశ ప్రకటనలో ఒక మాట గమనించదగినది: ఇట్లు గర్భస్రావము చేయించుకొనే తల్లులలో ఎక్కువమంది వివాహితులే, గర్భమును దాచవలసిన అవసరము ప్రత్యేకముగా లేనివారే. "చెడిపోయిన పిల్ల" అనే చిత్రము మన మనస్సులలో ఎంత బలముగా ఉన్నదో, వాస్తవము దానికి అంత దూరముగా ఉన్నది.

ఈ చట్టము సిద్ధమవుతున్న కాలములో, 1967 నుండి 1970 వరకు, ఆరోగ్య, కుటుంబ నియంత్రణ శాఖను నిర్వహించినది రాజమండ్రిలో పుట్టిన జనాభా శాస్త్రవేత్త డాక్టరు శ్రీపతి చంద్రశేఖర్. జనాభా పెరుగుదల ఆయనకు జీవితకాలపు ఆందోళన. గర్భస్రావ చట్టమును ఆయన గట్టిగా సమర్థించాడు.

1971 ఆగస్టులో ఆమోదము పొంది 1972 ఏప్రిల్ 1న అమలైన వైద్య గర్భస్రావ చట్టము స్త్రీకి హక్కు ఇచ్చిందని చాలామంది అనుకొంటారు. నిజానికి అది వైద్యునికి రక్షణ ఇచ్చింది. 312వ సెక్షను అట్లే ఉన్నది. కొన్ని షరతులు నెరవేరితే నమోదిత వైద్యుడు నేరస్థుడు కాడు, అంతే. 12 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయము, 12 నుండి 20 వారాల వరకు ఇద్దరి అభిప్రాయము అవసరము. స్త్రీ ప్రాణానికి లేదా శారీరక, మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని కలిగే ప్రమాదము ఉండవలెను, లేదా పుట్టే బిడ్డకు తీవ్రమైన వైకల్యము కలిగే గట్టి అవకాశము ఉండవలెను. బలాత్కారము వలన కలిగిన గర్భము, వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త వాడిన గర్భనిరోధక సాధనము విఫలమైనందున కలిగిన గర్భము మానసిక ఆరోగ్యానికి హానిగా పరిగణింపబడును. 18 సంవత్సరాలు నిండిన స్త్రీకి తన సమ్మతి ఒక్కటే చాలును. భర్త సంతకము చట్టము అడుగలేదు.

స్త్రీల ఉద్యమము వలన గాక, వైద్యుల ఆందోళన వలన, ప్రభుత్వపు జనాభా భయము వలన ఈ చట్టము పుట్టింది. ఈ పుట్టుక దాని తరువాతి చరిత్ర అంతటిమీద ముద్ర వేసింది.

4. చట్టము వచ్చింది, స్త్రీకి చేరిందా?

చట్టము మొదటి ముప్పది సంవత్సరాల చరిత్రను ఒక్క మాటలో చెప్పవలెనంటే: పట్టణములో చదువుకొన్న స్త్రీకి తలుపు తెరుచుకొన్నది, పల్లెలో కూలికి వెళ్ళే స్త్రీకి ఆ తలుపు ఎక్కడ ఉన్నదో తెలియలేదు. గర్భస్రావము చేయుటకు అనుమతి పొందిన కేంద్రములు, శిక్షణ పొందిన వైద్యులు పట్టణములలోనే ఎక్కువ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు చాలావాటిలో శిక్షణ పొందిన డాక్టరుగాని పరికరములుగాని ఉండేవి కావు. 2002లో చట్టము సవరింపబడి అనుమతి ఇచ్చే అధికారము జిల్లా స్థాయి కమిటీలకు వచ్చేంతవరకు ప్రైవేటు ఆసుపత్రులు రాష్ట్ర స్థాయి అనుమతి కోసము తిరగవలసి వచ్చేది.

చట్టము అడుగని సంతకమును ఆసుపత్రులు అడిగినవి. "మీ ఆయనను తీసుకొని రా" అనే మాట విని వెనుదిరిగిన స్త్రీ నేరుగా ఆర్.ఎమ్.పి. డాక్టరు దగ్గరకో, మంత్రసాని దగ్గరకో వెళ్ళింది. ఆ విధముగా చట్టము ఉన్న దేశములోనే చట్టము బయట గర్భస్రావము కొనసాగింది. 2001–03 మధ్యకాలపు మాదిరి నమోదు సర్వే ప్రకారము మన దేశములో ప్రసూతి మరణములలో సుమారు 8 శాతము గర్భస్రావ సంబంధమైనవి. అప్పటికి చట్టము అమలులోనికి వచ్చి ముప్పది సంవత్సరాలు దాటినవి.

రెండవ చిక్కు కుటుంబ నియంత్రణతో వచ్చింది. అత్యవసర పరిస్థితి కాలములో, 1976–77 ఒక్క సంవత్సరములో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగినవి. అప్పుడు ఎక్కువమంది పురుషులు. ఆ బలవంతముపై వచ్చిన ఆగ్రహము తరువాత ప్రభుత్వము పురుషులను వదలి స్త్రీలవైపు తిరిగింది. ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భస్రావము కోరివచ్చిన స్త్రీతో "ఆపరేషన్‌కు ఒప్పుకొంటేనే చేస్తాము" అనిన సందర్భములు అనేక పరిశీలనలలో నమోదైనవి. గర్భమును గూర్చిన నిర్ణయము ఆమెది అని చెప్పిన చట్టము క్రిందనే, ఇకమీదట గర్భము ధరించకూడదనే నిర్ణయము ఆమెమీద రుద్దబడింది.

ఆంధ్రప్రదేశ్‌లో దీని ఫలితము నేటికీ కనబడుతున్నది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో వివాహిత స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు ఆపరేషన్ చేయించుకొన్నవారే. మాత్రలు, లూప్ వంటి తాత్కాలిక పద్ధతుల వాడకము అతి స్వల్పము. చిన్న వయస్సులో పెళ్ళి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, ఆపైన ఆపరేషన్: ఇది మన సంఘములలోని ఎందరో సహోదరీల జీవితపు ఆకారము. మొదటి బిడ్డకు రెండవ బిడ్డకు మధ్య ఎడము కావలసిన స్త్రీకి మన ఆరోగ్య వ్యవస్థ ఇచ్చినది చాలా తక్కువ. ఆ ఖాళీలోనే చాలా గర్భస్రావములు జరుగుతున్నవి.

5. ఆడపిండము

ఈ చరిత్రలో అతి చీకటి భాగము ఒకటి ఉన్నది. దానిని దాటవేయడము నిజాయితీ కాదు. 1980లలో స్కానింగ్ యంత్రములు జిల్లా పట్టణములకు చేరినవి. స్త్రీ ప్రాణము కాపాడుటకు తెచ్చిన చట్టపు నీడలో ఆడపిండములను తొలగించడము మొదలైనది. 1988లో మహారాష్ట్ర, 1994లో కేంద్ర ప్రభుత్వము లింగ నిర్ధారణను నిషేధించినవి. కేంద్ర చట్టము 1996 జనవరి 1 నుండి అమలై, 2003లో మరింత గట్టిపరచబడింది. అయినను, ఆరేండ్లలోపు పిల్లలలో వెయ్యిమంది మగపిల్లలకు ఆడపిల్లల సంఖ్య 1991లో 945 ఉండగా 2001లో 927కు పడిపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో అదే కాలములో 975 నుండి 961కి తగ్గింది. 2011 నాటికి ఇంకను తగ్గింది.

దీనిని చూపి చట్టమునే తప్పుపట్టేవారున్నారు. మేము ఇక్కడ జాగ్రత్త కోరుతున్నాము. శిశువు ఆడదని తెలిసిన తరువాత కడుపు తీయించుకొన్న కోడలు ఎంతమట్టుకు స్వేచ్ఛగా నిర్ణయించుకొన్నది? అత్తగారి మాట, భర్త బెదిరింపు, కట్నపు లెక్క ఆమె నోట మాట్లాడినవి. గర్భమును ఉంచుకోనివ్వని బలవంతము, గర్భమును తీయించుకోనివ్వని బలవంతము, రెండూ ఒకే ఇంటిలో ఉండగలవు. రెండింటిలోను ఆమె సమ్మతి ఎవరికీ అక్కరలేదు.

ఇందుకు సంబంధించి 2009లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు దైవశాస్త్ర విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. చండీగఢ్‌లోని ప్రభుత్వ ఆశ్రయ గృహములో ఉన్న, స్వల్ప బుద్ధిమాంద్యము గల ఒక అనాథ యువతి బలాత్కారము వలన గర్భవతి అయింది. హైకోర్టు గర్భస్రావము చేయవలెనని ఆదేశించింది. ఆమె మాత్రము బిడ్డను కనాలని కోరుకొన్నది. సుచితా శ్రీవాస్తవ కేసుగా పేరొందిన ఆ తీర్పులో సుప్రీంకోర్టు ఆమె పక్షమున నిలిచింది. సంతానమును గూర్చిన నిర్ణయము రాజ్యాంగము 21వ అధికరణములోని వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని చెప్పింది. స్త్రీ సమ్మతిని గౌరవించిన చట్టమే ఒక బిడ్డను కాపాడిందన్నమాట.

6. మాత్రల కాలము, నూతన తీర్పులు

2002లో గర్భస్రావపు మాత్రలకు మన దేశములో అనుమతి లభించింది. ఆ తరువాత దృశ్యము మారిపోయింది. 2015 సంవత్సరమును గూర్చి జరిగిన జాతీయ అధ్యయనము ఆ ఏడాది దేశములో 1 కోటి 56 లక్షల గర్భస్రావములు జరిగినవని అంచనా వేసింది. వాటిలో నూటికి 73 ఆసుపత్రి బయట, మాత్రలతో జరిగినవి. ఇతర ప్రమాదకర పద్ధతులతో జరిగినవి సుమారు 5 శాతము. అనగా పుల్లలు, వేళ్ళ కాలము చాలావరకు గతించింది. కాని స్త్రీ ఇప్పుడు డాక్టరు దగ్గర కాదు, మందుల షాపు కౌంటరు దగ్గర నిలబడి ఉన్నది. చాలాసార్లు ఆమె కూడ కాదు, భర్త వెళ్ళి మాత్రలు తెస్తాడు. ఎన్ని వారాలైనదో చూచేవారు లేరు, రక్తస్రావము ఆగకపోతే ఎక్కడికి వెళ్ళాలో చెప్పేవారు లేరు. ప్రాణము దక్కింది, ఒంటరితనము మిగిలింది.

2021లో సవరించిన చట్టము అదే సంవత్సరము సెప్టెంబరు 24న అమలైనది. ఒక వైద్యుని అభిప్రాయముతో 20 వారాల వరకు, కొన్ని వర్గముల స్త్రీలకు ఇద్దరి అభిప్రాయముతో 24 వారాల వరకు అనుమతి విస్తరించింది. తీవ్ర వైకల్యము సందర్భములో వైద్య మండలి నిర్ణయము మేరకు కాలపరిమితి లేదు. "వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త" అనే మాటల స్థానములో "స్త్రీ లేదా ఆమె భాగస్వామి" అనే మాటలు వచ్చినవి. స్త్రీ పేరు వెల్లడి చేయడము శిక్షార్హమైనది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు 24 వారాల వరకు గల అవకాశము అవివాహితులకు కూడ వర్తిస్తుందని, ఈ చట్టము విషయములో బలాత్కారము అనగా భర్త చేసినది కూడ అందులో చేరునని తీర్పు చెప్పింది. అయినను హక్కు హద్దులేనిది కాదు. 2023 అక్టోబరులో 26 వారాలు దాటిన ఒక వివాహిత స్త్రీ అభ్యర్థనను అదే న్యాయస్థానము నిరాకరించింది. 2024 జూలై 1న శిక్షాస్మృతి స్థానములో వచ్చిన భారతీయ న్యాయ సంహిత కూడ, 88వ సెక్షనులో, పాత 312ను దాదాపు అట్లే నిలుపుకొన్నది. 1860 నాటి గోడ ఉన్నది, దానిలో 1971 నాటి తలుపు ఉన్నది.

ఈలోగా ప్రసూతి మరణములు ఎంతో తగ్గినవి. లక్ష సజీవ జననములకు ఆంధ్రప్రదేశ్‌లో 2001–03లో 195 ఉన్నవి, 2018–20 నాటికి 45కు దిగినవి, తెలంగాణలో 43. ఇది గర్భస్రావ చట్టము ఒక్కదాని ఫలము అనడము సరికాదు. ఆసుపత్రి ప్రసవములు, 108 అంబులెన్సులు, ఆశా కార్యకర్తలు, ఆడపిల్లల చదువు అన్నీ కలిసినవి. దేశములో ఇన్ని మార్పులు ఒక్కసారే జరిగినందున చట్టపు ప్రభావమును విడదీసి చూడడము కష్టము. అందుకే రెండు పరదేశపు ఉదాహరణలు సహాయపడును.

7. రొమేనియా, అమెరికా

రొమేనియాలో 1957 నుండి గర్భస్రావము చట్టబద్ధము. 1966 అక్టోబరులో చౌషెస్కూ ప్రభుత్వము జనాభా పెంచుటకు 770వ డిక్రీ ద్వారా దానిని దాదాపు పూర్తిగా నిషేధించింది. మరుసటి సంవత్సరము జననములు దాదాపు రెట్టింపైనవి. ఆ తరువాత స్త్రీలు రహస్య మార్గములు వెదకినందున జననములు మళ్ళీ తగ్గుముఖము పట్టినవి, మరణములు పెరిగినవి. 1989లో లక్ష జననములకు ప్రసూతి మరణములు సుమారు 170. వాటిలో పదింట ఎనిమిదికి పైగా గర్భస్రావము వలననే. ఆ డిసెంబరులో నియంత పతనమైన వెంటనే నిషేధము తొలగింది. ఒక్క సంవత్సరములో ప్రసూతి మరణములు సుమారు సగమైనవి. ఆసుపత్రులు మారలేదు, వైద్యులు మారలేదు, ప్రజల పేదరికము మారలేదు. మారినది చట్టము. తల్లిదండ్రులు పోషించలేక విడిచిన వేలాది పిల్లలతో నిండిన అక్కడి అనాథ గృహములను లోకము అప్పుడే చూచింది. గర్భమును బలవంతముగా నిలిపిన రాజ్యము పుట్టిన బిడ్డను నిలుపలేకపోయింది.

అమెరికాలో డయానా గ్రీన్ ఫాస్టర్ నాయకత్వములో జరిగిన అధ్యయనము మరొక రీతిది. 2008–2010 మధ్య 30 కేంద్రములకు గర్భస్రావము కోరి వచ్చిన సుమారు వెయ్యిమంది స్త్రీలను అయిదు సంవత్సరాలపాటు అనుసరించారు. గడువులోపల వచ్చి పొందినవారిని, కొద్ది రోజులు ఆలస్యమై తిరిగి పంపబడినవారిని పోల్చారు. వచ్చినవారిలో ఎక్కువమంది అప్పటికే తల్లులు. తిరిగి పంపబడినవారు సంవత్సరాల తరబడి పేదరికములో, అప్పులలో ఎక్కువగా చిక్కుకొన్నారు. కొట్టే పురుషునితో సంబంధము తెంచుకొనలేకపోయారు. గర్భస్రావము పొందినవారిలో మానసిక రోగములు పెరుగునని చాలామంది అనుకొనినట్లు జరుగలేదు. అయిదేండ్ల తరువాత వారిలో 95 శాతముకు పైగా తమ నిర్ణయము సరియైనదనే చెప్పారు.

అయితే మరొక సంగతి కూడ అదే అధ్యయనము చూపింది. తిరిగి పంపబడి బిడ్డను కన్నవారిలో అత్యధికులు ఆ బిడ్డను తామే పెంచుకొన్నారు. కాలము గడచినకొలది, గర్భస్రావము జరిగి ఉంటే బాగుండెనని అనేవారు బహు కొద్దిమందే మిగిలారు. పిలువబడిన స్త్రీలలో నూటికి 40 మందికన్న తక్కువే అధ్యయనములో చేరిరన్న విమర్శ కూడ ఉన్నది. తల్లి ప్రేమ బీదరికమును తీసివేయలేదు, బీదరికము తల్లి ప్రేమను తీసివేయలేదు. ఇరుపక్షములవారు తమకు నచ్చిన సగమునే చెప్పుకొంటున్నారు. కాపరికి రెండు సగములు కావలెను.

8. ఆదిసంఘపు సాక్ష్యము

సంఘము మొదటినుండి గర్భస్రావమును వ్యతిరేకించింది. 'డిడాకే' దానిని స్పష్టముగా నిషేధించింది. అయితే అదే సంఘము ఆ స్త్రీతో ఎట్లు వ్యవహరించింది అనే చరిత్ర అంతగా బోధింపబడదు. నాల్గవ శతాబ్దపు ఆరంభములో స్పెయినులోని ఎల్వీరా మహాసభ, వ్యభిచారము వలన కలిగిన గర్భమును చంపిన స్త్రీకి మరణ సమయమున కూడ సంస్కారము ఇవ్వరాదని నిర్ణయించింది. కొద్ది సంవత్సరములలోనే, 314లో, అంకురా మహాసభ తన 21వ కానోనులో పూర్వపు కఠిన నియమమును ప్రస్తావించి, కనికరముతో దానిని పది సంవత్సరముల పశ్చాత్తాపముగా తగ్గించింది. కైసరయ బిషప్పు బాసిలు గర్భస్రావమును నరహత్యగానే ఎంచాడు. అయినను స్వస్థతను కాలముతో గాక పశ్చాత్తాపపు రీతితో కొలువవలెనని వ్రాశాడు. వ్యభిచారమును ఒప్పుకొన్న స్త్రీల సంగతి బయటపెట్టరాదని, బయటపెడితే వారి ప్రాణానికే ముప్పు వచ్చునని పితరుల నియమమును గుర్తుచేశాడు. గోప్యత అనేది 2021 నాటి చట్టము కనిపెట్టినది కాదు.

నిర్గమకాండము 21:22-25 హీబ్రూ పాఠమునకు, గ్రీకు సెప్టువజింతు పాఠమునకు గల తేడా విద్యార్థులకు తెలిసినదే. గ్రీకు పాఠము రూపము ఏర్పడిన శిశువుకు, ఏర్పడని శిశువుకు భేదము చూపును. ఆ భేదము అగస్టీను, అక్వినాసుల ద్వారా పాశ్చాత్య సంఘములో శతాబ్దములు నిలిచి, రోమను సంఘములో 1869లోనే శిక్షల విషయమున తొలగింపబడింది. మన శిక్షాస్మృతిలోని మూడేండ్లు, ఏడేండ్లు అనే రెండు శిక్షల వెనుక ఉన్నది కూడ ఇటువంటి భేదమే. దృఢమైన నమ్మకము కలిగియుండి కూడ సంఘము ఈ ప్రశ్నలో తారతమ్యములను గుర్తించిందని ఇది మనకు నేర్పును.

9. ముగింపు

ఈ చరిత్ర నుండి మేము మూడు సంగతులు గ్రహించుచున్నాము. మొదటిది, నిషేధము గర్భస్రావమును ఆపలేదు. ఎవరు చనిపోవలెనో నిర్ణయించింది. రెండవది, చట్టము ఒక్కటే చాలదు. తెలిసిన స్త్రీకి, డబ్బున్న స్త్రీకి, పట్టణములోని స్త్రీకి అది ముందు చేరింది. మూడవది, స్త్రీ మాట వినని చోట చట్టముండినను లేకున్నను బలవంతమే మిగిలింది.

మన సంఘముల సంగతి ఏమి? మా పరిచర్యలో మేము గమనించినదేమనగా, ఇటువంటి భారముతో ఉన్న సహోదరి అయ్యగారి దగ్గరకు రాదు. వస్తే అమ్మగారి దగ్గరకు, అదియు ఎవరూ లేని వేళ వస్తుంది. పెళ్ళికాని పిల్ల గర్భవతి అని తెలిసినప్పుడు ఆమెను ప్రభు బల్లకు దూరము చేయడములో మన సంఘ కమిటీలు ఆలస్యము చేయవు. ఆ పురుషుడు అదే ఆదివారము చందా పళ్ళెము పట్టుకొని నడువగలడు. యోహాను సువార్త 8వ అధ్యాయములో ప్రభువు ఎదుటికి కూడ ఒక్క స్త్రీనే తెచ్చిరి. కాశీబాయిని అండమానుకు పంపిన న్యాయము మన సంఘ మినిట్స్ పుస్తకములలో ఇంకను వ్రాయబడుచున్నది. అట్టి శిక్షకు భయపడి ఎందరు మందుల షాపుకు వెళ్ళిరో ఏ రిజిస్టరులోను లేదు. గర్భములోని జీవమును కాపాడవలెనని బోధించు సంఘమే తన భయముచేత ఆ జీవమును పోగొట్టుటకు కారణము కాగలదు.

జీవమును గూర్చిన మన బోధను మార్చుకొనమని మేము చెప్పుట లేదు. ఆ బోధకు తగిన పరిచర్య కావలెనని చెప్పుచున్నాము. వివాహ పూర్వ ఉపదేశములో పిల్లల మధ్య ఎడమును గూర్చి భార్యాభర్తలిద్దరితో మాట్లాడవలెను. ఆడపిల్ల పుట్టిన ఇంటికి కాపరి మొదటి వారములోనే వెళ్ళి కృతజ్ఞతా ప్రార్థన చేయవలెను. సంఘములోని నర్సు సహోదరీలను ఇందుకు సిద్ధపరచవలెను. చెప్పిన రహస్యము కాపరి గుండెలోనే ఉండవలెను. బిడ్డను ఉంచుకొన్న అవివాహిత తల్లికి సంఘము అద్దె, బియ్యము, బిడ్డకు పేరు, బాప్తిస్మము ఇవ్వగలదా అనే ప్రశ్నను కమిటీ సమావేశములో పెట్టవలెను. రమాబాయి తన గృహమునకు కృపా సదన్ అని పేరు పెట్టినప్పుడు ఆ స్త్రీలను అడిగిన మొదటి ప్రశ్న "నీవేమి చేసితివి?" కాకపోవచ్చును. ఆదికాండము 16వ అధ్యాయములో అరణ్యమునకు పారిపోయిన గర్భవతియైన హాగరును దేవుని దూత అడిగినది, ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి పోవుచున్నావు అని. కాపరియైనవాడు మొదట అడుగవలసిన ప్రశ్నలు ఇవే.